గోల్డ్‌మన్‌ది వినయం కాదు, లెక్క

కెనడా గాయని సెలిన్ డియోన్ అనగానే మనవాళ్లకి టైటానిక్ పాట గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లో అలా కాదు. ఇక్కడ ఆమె పేరెత్తితే 1995లో వచ్చిన ఒక ఫ్రెంచ్ ఆల్బం సంగతి మాట్లాడతారు. ఫ్రెంచ్ భాషలో అంతకన్నా ఎక్కువగా అమ్ముడైన ఆల్బం ఇంకోటి లేదు. ఆ మాట పూర్తయ్యేలోపే, అందులో ఇంచుమించు పాటలన్నీ రాసి బాణీలు కట్టినతని పేరు వస్తుంది: జాన్-జాక్ గోల్డ్‌మన్. 'ఐషా' సంగతీ అంతే. అల్జీరియా గాయకుడు ఖాలెద్ పాడిన ఆ పాట మీలో కొందరైనా వినే ఉంటారు, కనీసం ఆ పేరు పెట్టి పిలిచే పల్లవైనా చెవిన పడి ఉంటుంది. అదీ గోల్డ్‌మన్ రాసిందే. 

2002లో అతను చివరి టూర్ ముగించాడు. అప్పటినుంచి కొత్త ఆల్బం లేదు, సొంత కచేరీ లేదు, టీవీలో కనబడటమే అరుదు. అప్పటికి వయసు 51. రిటైర్ అవుతున్నానని ప్రకటన కూడా ఇవ్వలేదు, ఊరికే రావడం మానేశాడు. అయినా ఒక ఆదివారం పత్రిక చేయించే "ఫ్రెంచివాళ్లకి బాగా ఇష్టమైన వ్యక్తులు" సర్వేలో 2010ల నుంచి పదే పదే అతనే మొదట వస్తున్నాడు. కనబడని మనిషి మీద అంత ఇష్టం ఏమిటని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు: వినయస్థుడు, కోట్లున్నా మనలాగే మామూలుగా బతుకుతాడు, గొప్పలు పోడు.

ఈ వినయం మాట నాకు మింగుడుపడదు. గోల్డ్‌మన్ పాటలు విన్నకొద్దీ, అతను తీసుకున్న నిర్ణయాలు చూసినకొద్దీ నాకు కనబడేది లెక్క. తన బలం ఎంత, బలహీనత ఎక్కడ, ఏ పాట ఎవరి గొంతులో పండుతుంది, ఎక్కడ ఆపెయ్యాలి అని కూడి, తీసివేసి చూసుకున్న మనిషి లెక్క. ఇలా అనడం అతన్ని తక్కువ చేయడం కాదు. వినయం స్వభావం, దానికి మనం చేసేదేమీ లేదు. లెక్క మాత్రం పనితనం, దాని గురించి మాట్లాడుకోవచ్చు.

అతను 1951లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి పోలండ్‌లోని లుబ్లిన్ నుంచి వచ్చిన యూదుడు, కమ్యూనిస్టు, నాజీలకు వ్యతిరేకంగా ప్రతిఘటన ఉద్యమంలో పోరాడినవాడు. తల్లి జర్మనీలోని మ్యూనిక్‌లో పుట్టిన యూదు స్త్రీ. పారిస్‌ని ఆనుకుని ఉన్న మోంరూజ్‌లో వాళ్లకో క్రీడా సామాన్ల కొట్టు. పిల్లాడికి వయొలిన్ నేర్పించారు. కాస్త ఎదిగాక యూదుల ఇంటి కుర్రాడు అక్కడి చర్చి గాస్పెల్ బృందంలో చేరి వాయించాడు. తర్వాత లీల్ నగరంలో బిజినెస్ స్కూలు. ఆ డిగ్రీ సంగతి అభిమానులు పెద్దగా పట్టించుకోరు కానీ నా మటుకు అది చాలా ముఖ్యం.

వియత్నాం మూలాలున్న ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన తై ఫోంగ్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందంలో గాయకుడిగా చేరాడు. 1975లో వాళ్ల 'సిస్టర్ జేన్' హిట్టయింది. పాట ఇంగ్లీషులో. అప్పుడు వేరెవరైనా అయితే కొట్టు వదిలేసి ఊళ్లు పట్టుకు తిరిగేవారు. ఇతను కొట్టు వదల్లేదు. బృందం టూర్లకి వెళ్తానంటే రానన్నాడు. వాళ్లు చేసేదిలేక స్టేజీ మీద అతని స్థానంలో వేల్స్ నుంచి వచ్చిన మైకేల్ జోన్స్ అనే గిటారిస్టుని పెట్టుకున్నారు. మామూలుగా అక్కడ ఇద్దరికీ చెడాలి. చెడకపోగా, ఆ జోన్స్ తర్వాత గోల్డ్‌మన్‌కి జీవితకాలపు జోడీ అయ్యాడు. 1985లో ఇద్దరూ కలిసి ఫ్రెంచ్, ఇంగ్లీషు కలిపి పాడిన 'జ్ తె దొన్' దేశమంతా మోగింది. ఈ రోజుకీ ఇక్కడి పెళ్లిళ్లలో అర్ధరాత్రి దాటాక డీజే అది వేస్తే బామ్మల దగ్గర్నుంచి పిల్లల దాకా లేచి గంతులేస్తారు.

సొంత ఆల్బం 1981లో వచ్చింది, ముప్ఫయ్యో పడిలో పడుతుండగా. రాక్ గాయకుడికి అది ఆలస్యమే. మొదటి ఆల్బంకి 'కాలం చెల్లినవాడు' అనే అర్థం వచ్చే పేరు పెడతానన్నాడు. కొత్త గాయకుడికి అదేం పేరని కంపెనీ ఒప్పుకోలేదు. రెండోదానికి 'మైనారిటీ' అన్నాడు, అదీ కుదరలేదు. నాలుగోదానికి మాత్రం పంతం నెగ్గించుకుని 'ఆమోదం లేనిది' అనే అర్థంలో పేరు పెట్టాడు. అప్పటికే లక్షల్లో అమ్ముడుపోతున్నాడు.

ఆమోదం లేనిది అన్నది ఉత్త మాటేం కాదు. 80ల్లో పారిస్ విమర్శకులు అతన్ని చీల్చి చెండాడారు. గొంతు సన్నం, మాటలు మామూలు, సంగీతం టీనేజి అమ్మాయిల గదుల్లో పోస్టర్లకి సరిపోయే సరుకు అని. 1985లో పారిస్‌లోని జెనిత్ హాల్లో వరసగా కచేరీలు నిండాయి. అవయ్యాక అతను చేసిన పని చూడండి. డబ్బులిచ్చి దినపత్రికల్లో పేజీ కొన్నాడు. తన మీద వచ్చిన వాటిలో మరీ ఘోరమైన విమర్శల్ని ఏరి, అచ్చంగా అలాగే అక్కడ వేయించాడు. కింద ప్రేక్షకులకి ఒక్క ముక్క రాశాడు: ఎవరో చెప్పింది వినకుండా మీ అంతట మీరే తేల్చుకున్నందుకు థాంక్స్ అని. 

దీన్ని వినయం అంటారా? తిట్టినవాళ్లతో వాదించలేదు, బాధపడ్డట్టు కనబడలేదు. వాళ్ల మాటల్నే తన ప్రకటనగా వాడుకున్నాడు, అదీ వాళ్ల ఇలాకాలోనే. మార్కెటింగ్ చదివిన బుర్రకి తప్ప ఇంకొకరికి తట్టే ఆలోచన కాదది. ఇంత తలపొగరు రాక్ సంగీతంలో గిటార్లు విరగ్గొట్టేవాళ్ల దగ్గర కూడా నేను చూడలేదు.

ఆ వెక్కిరింతల వెనక ఇంకో నీడ కూడా ఉందని నా అనుమానం. గోల్డ్‌మన్‌కి పియేర్ అని ఒక సవతి అన్న ఉండేవాడు. తీవ్ర వామపక్షవాది. లాటిన్ అమెరికా వెళ్లి గెరిల్లాలతో తిరిగొచ్చాడు, తర్వాత దోపిడీలు చేశాడు, ఇద్దరు స్త్రీల హత్య కేసులో 1974లో యావజ్జీవ శిక్ష పడింది. జైల్లో ఆత్మకథ రాశాడు, పారిస్ మేధావులంతా అతని వెనక నిలబడ్డారు. 1976లో మళ్లీ విచారణ జరిగి హత్యల కేసు కొట్టేశారు. 1979 సెప్టెంబర్ 20న పారిస్ నడివీధిలో అతన్ని కాల్చి చంపారు. హంతకులకి ఇప్పటికీ శిక్ష పడలేదు. అన్న ఎర్రజెండా పట్టుకున్న హీరో. తమ్ముడు కొట్లో బూట్లు అమ్ముకుంటూ పాటలు కట్టేవాడు. ఆ తరం మేధావులకి గోల్డ్‌మన్ ఇంటిపేరు వినగానే ఎవరు గుర్తొచ్చి ఉంటారో, ఆ పోలికలో ఎవరు తేలిపోయి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

అయితే తమ్ముడి పాటల్లో వీరులు లేకపోవడం యాదృచ్ఛికమా? నాకలా అనిపించదు. వీరుణ్ని ఇంట్లోనే చూసినవాడు, అతని శవపేటిక మోసుకెళ్లిన ఊరేగింపుని చూసినవాడు, వేరే మనుషుల వైపు చూశాడు. 1985 నాటి ఒక పాటలో ఒక ఒంటరి స్త్రీ ఉంటుంది. బాల్కనీలో రొట్టె ముక్కలు పెడుతుంది, పిచ్చుకలూ పావురాలూ వస్తాయేమోనని. తన బతుకు తాను బతకదు, టీవీలో కనబడేవాళ్ల బతుకు చూస్తూ రోజు గడుపుతుంది. అంతే కథ. ఆమెకి ఏమీ జరగదు. ఆమె మీద జాలిపడమని గాయకుడు అడగడు. కానీ వెనక డ్రమ్ములూ ఎలక్ట్రిక్ గిటారూ స్టేడియం దద్దరిల్లేలా మోగుతుంటాయి. రొట్టె ముక్కలకి ఆ హోరు ఎందుకు? నాలుగు గోడల మధ్య నోరు తెరిచి అరవలేని మనిషి అరుపు అది అని నేననుకుంటాను. బాల్కనీలోని మనిషికి స్టేడియం సంగీతం ఇచ్చాడు. విమర్శకులు మాటల్ని విడిగా చదివి మామూలుగా ఉన్నాయన్నారు. పాట అంటే మాటలొక్కటే కాదన్న సంగతి సంగీత విమర్శకులకి చెప్పాల్సి రావడం విచిత్రం.

రెండేళ్ల తర్వాత ఇంకో పాట. మొదటి చరణంలో ఒక చెప్పులు కుట్టేవాడు, రెండో చరణంలో ఒక బడిపంతులు, మూడో చరణంలో శాక్సోఫోన్ పట్టుకున్న ఒక అనామకుడు. ముగ్గురూ ఎవరికీ ఉపన్యాసాలు ఇవ్వరు. తమ పని తాము శ్రద్ధగా చేసుకుంటారు, అలా బతుకుని మారుస్తారు. ప్రపంచాన్ని మార్చేస్తామన్న అన్నగారి తరానికి తమ్ముడి జవాబు అది. పాటలో ఎక్కడా ఆ మాట అనడు, అనక్కర్లేదు కూడా.

నేను ఫ్రాన్స్ వచ్చిన కొత్తలో భాషా తరగతిలో మా టీచర్ 'కమ్ తువా' వినిపించింది. 1982 పాట. 'నీలాగే' అని అర్థం. చదవడానికి తేలిక పదాలు, వర్తమానం, భూతకాలం ఎక్కడెక్కడ వాడారో గుర్తించమని వర్క్‌షీట్ ఇచ్చింది. ఒక పాప ఫోటో, ఇష్టమైన బొమ్మ, బడి, స్నేహితులు. మేమంతా పెన్సిళ్లతో క్రియల కింద గీతలు గీస్తున్నాం. ఎనిమిదేళ్లైనా నిండని ఆ పాప పేరు సారా, పోలండ్ వైపు యూదుల పిల్ల. ఆమె ఎలా చనిపోయిందో పాటలో ఒక్క ముక్క కూడా ఉండదు. యుద్ధం మాట లేదు, నాజీల శిబిరం మాట లేదు. ఇప్పుడు ఇక్కడ హాయిగా నిద్రపోతున్న ఇంకో పాపకి ఈ కథ చెబుతున్నాడు, ఆమె అచ్చం నీలాగే ఉండేది, కానీ నీలా ఇప్పుడు ఇక్కడ పుట్టలేదు అని. నా పక్కన కూచున్న సిరియా అమ్మాయి పెన్సిల్ కింద పెట్టేసింది. ఆ తర్వాత క్లాసులో క్రియల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇదే నేను చెప్పే లెక్క. ఏం రాయాలో ఎంచుకోవడం కాదు, ఏం రాయకూడదో ఎంచుకోవడం. నాజీలంటే అసహ్యం పుట్టించడానికి నాలుగు భారీ పదాలు చాలు, ఎవరైనా రాస్తారు. అవన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో చూసుకుని, మిగిలినదాన్ని నమ్మడానికి నిబ్బరం కావాలి.

ఇక గొంతు విషయం. విమర్శకులు ఇక్కడ పూర్తిగా తప్పు కాదు. గోల్డ్‌మన్‌ది పలచని, పైస్థాయిలో పలికే గొంతు, అక్కడక్కడా ముక్కుతో పాడినట్టుంటుంది. గొప్ప గాయకుడని నేననను. తేడా ఏమిటంటే ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసింది అతనికే. తెలిసి ఏం చేశాడన్నది అతని కెరీర్‌లో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం.

1986లో జానీ హాలిడేకి ఒక ఆల్బం మొత్తం రాసిచ్చాడు. హాలిడే అంటే ఫ్రెంచ్ రాక్‌కి పెద్ద దిక్కు. తోలు జాకెట్లు, మోటారు సైకిళ్లు, ఉరుములాంటి గొంతు. గోల్డ్‌మన్ దగ్గర లేనివన్నీ అతని దగ్గర ఉన్నాయి. అతనికి గోల్డ్‌మన్ రాసిచ్చిన పాటల్లో ఒకటి, అన్నీ అందాక కోరికే చచ్చిపోయిన మనిషి పాట. ఆకలి పుట్టకముందే తిండి పెట్టేశారు, చలి తెలియకముందే మంట వేసేశారు, నాకు మళ్లీ కోరిక పుట్టించండి, మళ్లీ బతకాలన్న ఆశ రగిలించండి అని మొత్తుకుంటాడు. టీనేజి నుంచే స్టార్‌గా బతికిన హాలిడే నోట ఆ మాటలు వింటే, ఇది ఇతను తన కోసం తానే రాసుకున్నాడేమో అనిపిస్తుంది. గోల్డ్‌మన్ పాడి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు. హాలిడే పోయేదాకా ప్రతి కచేరీలోనూ జనం అడిగిన పాటల్లో అదొకటి.

మన సినిమా సంగీతంలో పెరిగినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, పాడేవారు ఒకరు, తెర మీద పెదవులు కదిపేవారు ఇంకొకరు. ఫ్రాన్స్‌లో మాత్రం గౌరవమంతా తన పాట తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడేవాళ్లకి. ఇంకొకరికి రాసివ్వడం రెండో రకం పని. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒక సహోద్యోగి, జాజ్ తప్ప ఇంకోటి వినని మనిషి, గోల్డ్‌మన్ మాట రాగానే "అది సూపర్‌మార్కెట్ సంగీతం" అని తేల్చేశాడు. నిజమే, సూపర్‌మార్కెట్లో వినబడుతుంది. ప్యాట్రీషియా కాస్ పాడిన ఒక పెద్ద హిట్ కూడా వినబడుతుంది. అది రాసింది శామ్ బ్రూస్కీ అని ఉంటుంది. ఆ పేరుగల మనిషి ఎవరూ లేరు, అది గోల్డ్‌మన్ మారుపేరు. తన పేరు చూసి పాటని మెచ్చుకునేవాళ్లూ వద్దు, తన పేరు చూసి పక్కన పడేసేవాళ్లూ వద్దు అనుకున్నాడేమో.

సెలిన్ డియోన్ దగ్గరికి వచ్చేసరికి అసలు పని బయటపడుతుంది. 1994 నాటికి ఆమె అమెరికాలో పెద్ద స్టార్. ఎంత పైకి కావాలంటే అంత పైకి వెళ్లే గొంతు, వెళ్లమన్నా, అనకపోయినా వెళ్లే గొంతు. గోల్డ్‌మన్ ఆమెకి పాటలు రాస్తానని తనంతట తానే ముందుకొచ్చాడు. రికార్డింగులో అతను అడిగింది ఒక్కటే: పాడటం తగ్గించు. విరుపులు తీసెయ్, చివర్లో సాగదీయకు, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు చెప్పు. అంతవరకూ ఆమెని ఎవరూ అలా అడగలేదు. అందరూ ఇంకొంచెం పైకి, ఇంకొంచెం గట్టిగా అన్నవాళ్లే.

ఆ ఆల్బంలో అన్నిటికన్నా పేరొచ్చిన పాట వినండి. వదిలేసి వెళ్తున్న ప్రియుడితో ఒక స్త్రీ మాట్లాడుతుంది. మొదటి చరణం కింది స్థాయిలో, ఇంచుమించు వచనంలా నడుస్తుంది: నువ్వు చెప్పింది నాకు అర్థమైంది, థాంక్స్, సబబుగానే ఉంది అన్నట్టు. ఆమె గొంతు అప్పటికి ఏ గాయనిదైనా కావచ్చు. ఆ తర్వాత ఒప్పుకున్నదంతా వెనక్కి తీసుకుంటుంది. కొత్త భాషలు కనిపెడతాను, నన్ను నేను రాణిగా మార్చుకుంటాను, ఆఫ్రికా మాంత్రికుల దగ్గర మంత్రాలు నేర్చుకుంటాను, నువ్వు నన్ను ఇంకా ప్రేమించడం కోసం అంటుంది. పల్లవి వచ్చేసరికి గొంతు లేస్తుంది, కానీ తన బలమంతా చూపించదు. దాచుకున్న ఆ బలమే వినేవాడి గుండెని పట్టేస్తుంది. బ్రిటన్‌లో ఫ్రెంచ్ పాటలకి చోటు దొరకడమే కష్టం, అలాంటిది అక్కడి చార్టుల్లో ఈ పాట ఏడో స్థానం దాకా వెళ్లింది. ఆ వినేవాళ్లలో ఎంతమందికి మాటలు అర్థమయ్యుంటాయి?

ఒకసారి ఇంగ్లీషులో ఆమె పాడిన పాటలు, వాటి పక్కనే ఈ ఆల్బం పెట్టి వినండి. మనిషి అదే, గొంతు అదే. తగ్గించమని చెప్పగలిగినవాడు ఒకడు దొరికితే ఏమవుతుందో తెలుస్తుంది. తన గొంతుకి హద్దులున్నవాడికే, హద్దుల్లేని గొంతుకి హద్దు ఎక్కడ గీయాలో తెలిసిందని నా వాదన. 

'ఐషా' మరుసటి ఏడాది, 1996. ఖాలెద్ ఓరాన్ నగరం నుంచి వచ్చిన రాయ్ గాయకుడు (రాయ్ అంటే అల్జీరియాలో జనం పాడుకునే సంగీతం), అప్పటిదాకా ఎక్కువగా అరబ్బీలోనే పాడినవాడు. అల్జీరియాలో అంతర్యుద్ధం నడుస్తోంది, 1994లో చెబ్ హస్నీ అనే రాయ్ గాయకుణ్ని ఓరాన్‌లోనే కాల్చి చంపారు. ఆ రోజుల్లో ఫ్రెంచ్ రేడియోలన్నిట్లో ఒక అరబ్బు గొంతు ఫ్రెంచ్‌లో ప్రేమపాట పాడి మొదటి స్థానానికి వెళ్లింది. పాటలో కథ తెలిసిందే: అబ్బాయి ముత్యాలిస్తాను, బంగారమిస్తాను అంటాడు. చివర్లో ఐషా నోరు విప్పుతుంది. నీ నిధులు నువ్వే ఉంచుకో, బంగారంతో చేసినా ఊచలు ఊచలే, నాకు నీతో సమానమైన హక్కులు కావాలి, ప్రతిరోజూ గౌరవం కావాలి అంటుంది. డ్యాన్స్ ఫ్లోర్ మీద ఊగేవాళ్లలో సగం మంది ఈ చరణం దాకా ఆగరు. అల్జీరియాలో ఆడవాళ్ల మీద కుటుంబ చట్టం ఎలా ఉండేదో తెలిసినవాళ్లకి మాత్రం అది ప్రేమపాట మాత్రమే కాదు.

90ల్లో అతను తన పేరుని కూడా మూడో వంతుకి తగ్గించుకున్నాడు. అమెరికా నల్లజాతి గాయని కరోల్ ఫ్రెడరిక్స్, మైకేల్ జోన్స్, తను, ముగ్గురి ఇంటిపేర్లతో బృందం. 1990లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బంలోనే, నా లెక్కలో అతను రాసిన అన్నిటికన్నా గొప్ప పాట ఉంది. లైడెన్‌స్టాట్ అనే ఊహా నగరం, జర్మనీలో. నేను 1917లో అక్కడ పుట్టి, యుద్ధంలో ఓడిన దేశపు శిథిలాల మీద పెరిగి ఉంటే, నేను వాళ్లకన్నా మంచివాణ్ని అయ్యేవాణ్నా, చెడ్డవాణ్ని అయ్యేవాణ్నా అని అడుగుతాడు. అడుగుతున్నది నాజీల మీద పోరాడినవాడి కొడుకు. అలాంటివాడికి ఈ ప్రశ్న అక్కర్లేదు, జవాబు ఇంట్లోనే ఉంది. అయినా అడుగుతాడు. రెండో చరణం జోన్స్ పాడతాడు: క్యాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ కొట్టుకునే బెల్‌ఫాస్ట్ రేవుల దగ్గర పెరిగి ఉంటే అవతలి మతంవాడికి చెయ్యి అందించే ధైర్యం నాకుండేదా? మూడోది ఫ్రెడరిక్స్: నేను జోహనెస్‌బర్గ్‌లో తెల్లదాన్నై, డబ్బున్నదాన్నై పుట్టి ఉంటే నల్లవాళ్ల కేకలు నా చెవిన పడేవా? 1990 అంటే మండేలా జైలు నుంచి బయటికొచ్చిన ఏడాది. నల్లజాతి గాయని నోట, తెల్లవాళ్ల స్థానంలో నిలబడి ఆ ప్రశ్న. ఎవరి గొంతుకి ఏ చరణం ఇచ్చాడో చూశారా? పాట జవాబు చెప్పదు. మనం ఇంకా ఆ పరీక్ష రాయాల్సిన అవసరం రాలేదు, రాకపోతే బాగుండు అని మాత్రం కోరుకుంటుంది.

మనం తప్పకుండా మంచివైపే ఉండేవాళ్లం అనుకోవడం అందరికీ సుఖం. ఏ గొడవ జరిగినా మన ఫేస్‌బుక్ గోడల మీద ఆ నమ్మకం ఎంత గట్టిగా కనబడుతుందో మీకూ తెలుసు. గోల్డ్‌మన్ ఆ సుఖాన్ని మొదట తన దగ్గర్నుంచే లాక్కున్నాడు. 1987లో వచ్చిన ఆల్బం పేరు కూడా లేత బూడిదరంగుకీ ముదురు బూడిదరంగుకీ మధ్య అనే. నలుపూ తెలుపూ అతనికి ఎప్పుడూ కుదర్లేదు.

ఆ 1987 ఆల్బంలోనే 'లా-బా' ఉంది, 'అక్కడ' అన్నమాట. ఊరు వదిలి వెళ్లిపోవాలనే అబ్బాయి, వద్దనే అమ్మాయి. ఇక్కడ అన్నీ పుట్టుకతోనే రాసిపెట్టి ఉన్నాయి, అక్కడైతే నా చేతులకి పని ఉంటుంది, నా కలకి చోటుంటుంది అని అతను. అక్కడ తుఫానులున్నాయి, ఓడలు మునుగుతాయి, నిన్ను పోగొట్టుకుంటాను అని ఆమె. ఆమె పాత్రకి కొత్త గొంతు కావాలని వెతికితే పారిస్ మెట్రోలో పాడుకునే సిరిమ అనే అమ్మాయి దొరికింది, తండ్రి శ్రీలంకవాడు. పాట విడుదలైన రెండేళ్లకే, 1989లో, 25 ఏళ్ల వయసులో, ఆమెని కలిసి బతుకుతున్న మనిషే చంపేశాడు. అది తెలిశాక ఆమె వంతు వచ్చినప్పుడల్లా వినడం కష్టంగా ఉంటుంది. దుబాయికో డాలస్‌కో పిల్లల్ని పంపిన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ పాటని అనువదించి చెప్పక్కర్లేదు. నాకు నచ్చేదేమిటంటే పాట ఎవరి పక్షమూ తీసుకోదు. చివర్లో ఇద్దరూ ఒకేసారి పాడతారు, ఒకరి మాట ఒకరు వినకుండా. మా ఇంట్లోనూ అచ్చం అలాగే జరిగింది.

అతనిలో నాకు నచ్చనిదీ చెప్పాలి. కొలూష్ అనే హాస్యనటుడు 1985లో పేదలకి ఉచితంగా భోజనం పెట్టే సంస్థ మొదలుపెట్టి, దానికో పాట కావాలని గోల్డ్‌మన్ మీద పడ్డాడు. ఆకలితో, చలితో ఉండే హక్కు ఈ రోజుల్లో ఎవరికీ లేదు అనే పాట అలా పుట్టింది. కొలూష్ 1986 జూన్‌లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. సంస్థ మాత్రం ఆగలేదు. మొదటి చలికాలం 85 లక్షల భోజనాలు పెట్టింది. 2022-23లో 17 కోట్లు దాటింది. ఏడాదో రెండేళ్లో నడిస్తే చాలనుకున్నది నలభై ఏళ్లు నడవడం, ఇంకా పెరగడం, ఎవరికీ గర్వకారణం కాదు. దానికి డబ్బులు పోగుచేసే తారల కచేరీలకి గోల్డ్‌మన్ ఏళ్ల తరబడి వెన్నెముక. అక్కడ, మంచిపని అనే నీడలో, లెక్క కాస్తా ఫార్ములా అయింది. 2015లో వాటికోసం రాసిన పాటలో కుర్రాళ్లు పెద్దల్ని నిలదీస్తారు: మీకు అన్నీ దొరికాయి, మాకు ఉద్యోగాల్లేవు, మిగిలింది అప్పులూ కాలుష్యమూ అని. తారలు బదులిస్తారు: మీకు జీవితమంతా ముందుంది, అదే అదృష్టం అని. జనం మండిపడ్డారు, పాట అపార్థమైందని అతను సర్దిచెప్పాడు. నాకైతే మండిపడ్డవాళ్లే కరెక్టనిపించింది. లైడెన్‌స్టాట్ రాసినవాడు కుర్రాళ్ల స్థానంలో తాను పుట్టి ఉంటే అని ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది. మరుసటి ఏడాదే ఆ కచేరీల నుంచి తప్పుకున్నాడు.

తప్పుకోవడం అతనికి బాగా తెలుసు. తిరిగొస్తాడా అని ఇక్కడి పత్రికలు రెండేళ్లకోసారి రాస్తాయి. 2020లో కరోనా రోజుల్లో తన చెప్పులు కుట్టేవాడి పాటకే మాటలు మార్చి, డాక్టర్లకీ నర్సులకీ క్యాషియర్లకీ ధన్యవాదంగా ఇంట్లోనే పాడి వీడియో పెడితే, ఇదిగో వచ్చేశాడన్నారు. రాలేదు. 2023లో ఒక చరిత్రకారుడు అతని మీద లావుపాటి పుస్తకం రాశాడు, అతని సహకారం లేకుండానే.

నాకు మాత్రం తిరిగి రాకపోతేనే బాగుండనిపిస్తుంది. 2012లో కుర్ర గాయకులు అతని పాటలు మళ్లీ పాడి ఆల్బం చేస్తే అది లక్షల్లో అమ్ముడైంది. హాలిడే పోయాడు, ఫ్రెడరిక్స్ 2001లోనే పోయింది, సెలిన్ డియోన్ అనారోగ్యంతో చాలాకాలం స్టేజీకి దూరమైంది. పాటలు మాత్రం కొత్త గొంతులు వెతుక్కుంటున్నాయి. ఈ పరిస్థితుల్లో డెబ్బై దాటిన సన్నని గొంతు వచ్చి చేర్చేదేముంది? సూపర్‌మార్కెట్లో వినబడితే వినబడనివ్వండి.

ఫ్రెంచ్ రాకపోయినా వినాలనుకుంటే 'లా-బా'తో మొదలుపెట్టండి, సిరిమతో పాడిన అసలుదే, తర్వాతివాళ్లు పాడినవి కాదు. ఆ తర్వాత లైడెన్‌స్టాట్. హాలిడే పాట స్టేడియంలో రికార్డు చేసినదైతేనే వినండి. సెలిన్ డియోన్‌ది మటుకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటి చరణం దగ్గర వాల్యూమ్ పెంచకుండా.